కర్బీ బొమ్మలు, కర్మ పాయింట్లు

1984లో అమెరికాలో రెండు సంగతులు జరిగాయి. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ చేసే టీఎస్ఆర్ కంపెనీ మార్వెల్ సూపర్ హీరోస్ అనే ఆటపెట్టెని మార్కెట్లోకి దింపింది. అదే ఏడాది, ఆ పెట్టెలోని హీరోల్లో చాలామందిని మొట్టమొదట కాగితం మీద గీసిన మనిషికి మార్వెల్ నుంచి నాలుగు పేజీల ఒప్పంద పత్రం వచ్చింది. ఆయన గీసిన వేల పేజీల్లో 88 పేజీలు తిరిగి ఇస్తారట, కానీ ముందు అందులో సంతకం పెట్టాలట. మిగతా ఆర్టిస్టులకి పంపింది ఒకే ఒక్క పేజీ. ఈయనకి మాత్రం నాలుగు.

ఆయన పేరు జాక్ కర్బీ. ఎవెంజర్స్ సినిమాకి ఫస్ట్ డే టికెట్ కోసం కొట్టుకున్న మనలో ఎంతమందికి ఈ పేరు తెలుసు? స్టాన్ లీ అంటే మాత్రం అందరికీ తెలుసు, చాలా సినిమాల్లో ఓ సీన్‌లో నవ్వుతూ కనిపించిన తాత కదా.

కర్బీ అసలు పేరు జేకబ్ కర్ట్జ్‌బర్గ్. 1917 ఆగస్టు 28న న్యూయార్క్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు ఆస్ట్రియా నుంచి వలస వచ్చిన యూదులు, తండ్రి బెంజమిన్ బట్టల ఫ్యాక్టరీలో కూలి. ఇరుకు గదులు, ఒకరి మీద ఒకరుగా కుటుంబాలు. వీధికో పిల్లల గ్యాంగు, వీధికీ వీధికీ రాళ్ల యుద్ధాలు. కర్బీది సఫోక్ స్ట్రీట్ గ్యాంగు. మనిషి పొట్టి, కానీ దెబ్బలాటకి వెనక్కి తగ్గే రకం కాదు. తర్వాత ఆయన బొమ్మల్లో ఒక్క గుద్దుకి మనిషి పేజీ దాటి బయటికి వచ్చి పడతాడేమో అనిపిస్తుంది చూడండి, అది ఆర్ట్ స్కూల్లో నేర్చుకున్నది కాదు. ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి వారం రోజులకే బయటికి వచ్చేశాడు. పాపాయ్ కార్టూన్లు తీసే ఫ్లైషర్ స్టూడియోలో కొన్నాళ్లు రెండు ముఖ్యమైన బొమ్మల మధ్య వచ్చే బొమ్మలు గీసే పని చేశాడు. ఆ పని ఆయనకి తండ్రి ఫ్యాక్టరీలాగే అనిపించి మానేశాడు.

జో సైమన్ అనే ఎడిటర్‌తో జత కట్టాక దశ తిరిగింది. ఇద్దరూ కలిసి టైమ్లీ కామిక్స్ కోసం కెప్టెన్ అమెరికాని తయారు చేశారు. మొదటి సంచిక మీద 1941 మార్చి అని ఉంటుంది గానీ 1940 డిసెంబరుకే అమ్మకానికి వచ్చింది. అట్ట మీద హీరో హిట్లర్ దవడ పగలగొడుతుంటాడు. అప్పటికి అమెరికా ఇంకా యుద్ధంలో దిగలేదు, పెర్ల్ హార్బర్ జరగడానికి ఇంకా ఏడాది ఉంది. దేశంలో నాజీలని సమర్థించేవాళ్లు తక్కువేం లేరు. ఆఫీసుకి బెదిరింపులు కూడా వచ్చాయి. అయినా పుస్తకం దాదాపు పది లక్షల కాపీలు పోయింది. లాభంలో వాటా ఇస్తామన్న మాట మాత్రం సరిగ్గా నిలబడలేదని ఇద్దరికీ అనిపించి, పది సంచికలయ్యాక వేరే కంపెనీకి వెళ్లిపోయారు. ఆ టైమ్లీయే తర్వాత మార్వెల్ అయింది. అప్పట్లో ఆ ఆఫీసులో చిన్నాచితకా పనులు చేసే ఓ టీనేజ్ కుర్రాడు ఉండేవాడు, ఓనర్ భార్యకి చుట్టం. పేరు స్టాన్ లీ.

హిట్లర్‌ని బొమ్మలో కొట్టిన మనిషి నిజంగానే కొట్టడానికి కూడా వెళ్లాల్సి వచ్చింది. 1943లో సైన్యంలోకి తీసుకున్నారు. 1944 ఆగస్టులో నార్మండీలో దిగాడు. ఈయన కామిక్స్ ఆర్టిస్టని తెలిసి ఓ లెఫ్టినెంట్ సంబరపడి పెద్ద బాధ్యత అప్పజెప్పాడు: అందరికంటే ముందు శత్రువులున్న ఊళ్లలోకి వెళ్లి మ్యాపులు, స్కెచ్చులు గీసుకు రావాలి. టాలెంట్ ఉందని తెలిస్తే మన కాలేజీ ఫెస్ట్‌లో బ్యానర్లు గీయమంటారు, అక్కడ ప్రాణం పెట్టమన్నారు. ఆ చలికాలం మంచుకి పాదాలు దెబ్బతిని, తీసేయాల్సిన పరిస్థితి వరకూ వెళ్లింది. ఎలాగో కాళ్లు దక్కాయి. భార్య రాజ్ దగ్గరికి తిరిగొచ్చాడు.

యుద్ధం తర్వాత పదేళ్లు సూపర్‌హీరోలకి గిరాకీ లేదు. సైమన్, కర్బీ ప్రేమకథల కామిక్స్ మొదలుపెట్టి బాగానే సంపాదించారు, సొంత కంపెనీ పెట్టి పోగొట్టుకున్నారు. 1950ల చివర్లో వేరే దారి లేక కర్బీ పాత చోటికే, అంటే స్టాన్ లీ ఎడిటర్‌గా ఉన్న చోటికే వచ్చాడు. జీతం లేదు, పేజీకి ఇంత అని లెక్క.

అక్కడ జరిగింది చూడండి. 1961లో ఫెంటాస్టిక్ ఫోర్. 1962లో హల్క్, థోర్. 1963లో ఎక్స్-మెన్, ఎవెంజర్స్. 1966లో సిల్వర్ సర్ఫర్, బ్లాక్ పాంథర్. ఫెంటాస్టిక్ ఫోర్ ఒక్కటే వరసగా 102 సంచికలు గీశాడు. పని పద్ధతికి మార్వెల్ మెథడ్ అని పేరు: ఇద్దరూ కథ గురించి కాసేపు మాట్లాడుకుంటారు, ఆర్టిస్టు ఇంటికెళ్లి పేజీలన్నీ గీస్తాడు, అంటే సీన్లు, మలుపులు అన్నీ ఆయనవే. ఆ తర్వాత లీ డైలాగులు రాస్తాడు. మరి కథ ఎవరిది? పుస్తకంలో రైటర్ అని లీ పేరు ఉంటుంది. మనకైతే గిట్‌లో కమిట్ హిస్టరీ ఉంటుంది, ఏ లైను ఎవరు రాశారో చూసి చెప్పేయొచ్చు. వాళ్లకి అది లేదు. తర్వాత ఏళ్లలో ఇద్దరూ చెరో కథ చెప్పారు. నా లెక్కలో లీ మాటల్లో ఉన్న చమత్కారాన్ని తక్కువ చేయకూడదు, కానీ సిల్వర్ సర్ఫర్ సంగతి చూస్తే తరాజు ఎటు మొగ్గుతుందో తెలుస్తుంది. ముందు మాట్లాడుకున్న కథలో ఆ పాత్రే లేదు. కర్బీ గీసి తెచ్చిన పేజీల్లో పలక మీద ఎగురుతున్న వెండి మనిషిని చూసి ఇతనెవరని లీ ఆశ్చర్యపోయాడు. ఈ సంగతి లీ కూడా ఒప్పుకున్నదే.

ఫెంటాస్టిక్ ఫోర్‌లో థింగ్ అని ఓ రాతి మనిషి ఉంటాడు. అసలు పేరు బెన్, కర్బీ తండ్రి పేరు. పెరిగింది యాన్సీ స్ట్రీట్‌లో, అది లోయర్ ఈస్ట్ సైడ్‌లోని డిలాన్సీ స్ట్రీట్‌కి మారుపేరు. నోట్లో చుట్ట, ముక్కు మీద కోపం, లోపల వెన్న. కర్బీ తన్ని తానే గీసుకున్నాడు.

ఇప్పుడు ఆ పెట్టె దగ్గరికొద్దాం. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ అంటే తెలియనివాళ్లకి: బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు, ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. ఏం చేస్తారో నోటితో చెప్పాలి, అది ఫలించిందో లేదో పాచికలు చెబుతాయి. ఈ గేమ్ డిజైన్ చేసింది జెఫ్ గ్రబ్, రాతలో స్టీవ్ వింటర్ చేయి ఉంది. హాస్టల్లో మేం ఓ సెమిస్టర్ సెలవుల ముందు నాలుగు రాత్రులు ఆడాం, కాబట్టి కొంచెం ధైర్యంగానే చెబుతున్నా.

దీని గొప్పతనం ఏంటంటే, లెక్కలని మాటల్లో దాచేసింది. ప్రతి పాత్రకీ ఏడు గుణాలు: ఫైటింగ్, అజిలిటీ, స్ట్రెంగ్త్, ఎండ్యూరెన్స్, రీజన్, ఇంట్యూషన్, సైకీ. మొదటి అక్షరాలు కలిపి ఫేసెరిప్ అంటారు. ఒక్కో గుణానికి ర్యాంకు ఒక మాట: ఫీబుల్ నుంచి టిపికల్, గుడ్, ఎక్సలెంట్ మీదుగా మాన్‌స్ట్రస్, అనెర్త్‌లీ దాకా. మామూలు మనిషి టిపికల్, అంటే 6. కెప్టెన్ అమెరికా బలం ఎక్సలెంట్, 20. థింగ్ బలం మాన్‌స్ట్రస్, 75. ఈ మాటలు కామిక్స్ అట్టల మీద అరిచే భాషే కాబట్టి పిల్లలకి కూడా వెంటనే ఎక్కుతుంది. ఇక ఆట మొత్తానికి ఒకే పట్టిక, యూనివర్సల్ టేబుల్. రెండు పది ముఖాల పాచికలతో నూటికి ఎంతో తేల్చి, మీ ర్యాంకు కాలమ్‌లో చూస్తే రంగు వస్తుంది: తెలుపు అంటే పోయినట్టే, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ఒకదాన్ని మించి ఒకటి. గుద్దినా, ఎగిరినా, తలుపు పగలగొట్టినా అదే పట్టిక. మన భాషలో ఒక టూ-డీ అర్రే. మా రూమ్మేట్ దాన్ని నలభై లైన్ల పైథాన్‌లో రాసేశాడు. అదే కాలంలో వచ్చిన ఛాంపియన్స్ అనే ఇంకో సూపర్‌హీరో గేమ్‌లో పాత్ర తయారు చేయాలంటే పాయింట్లు కూడుతూ, హెచ్చవేస్తూ కూర్చోవాలి. ఇందులో పావుగంటలో ఆట మొదలైపోతుంది.

రెండో గొప్పతనం కర్మ. అవును, మన కర్మే! మంచి పని చేస్తే కర్మ పాయింట్లు వస్తాయి. పాచిక వేయబోయే ముందు చెప్పి, ఆ పాయింట్లతో వచ్చిన అంకెని పెంచుకోవచ్చు. ఇచ్చిన మాట ప్రకారం ఇంట్లోవాళ్ల దగ్గరికి టైముకి వెళ్లినా కర్మ వస్తుంది, ఎగ్గొడితే పోతుంది. హీరో ఎవరినైనా చంపితే ఉన్న కర్మ మొత్తం సున్నా. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో రాక్షసుణ్ని చంపితే పాయింట్లు, ఇక్కడ చంపితే గుండు. ఒక్క రూలుతో సూపర్‌హీరో అంటే ఎవరో చెప్పేశారు. మన ఇళ్లలో కర్మ అంటే తలరాత, చేసేదేం లేదని నిట్టూర్చే మాట. వీళ్లు దాన్ని జేబులో చిల్లరలా వాడుకునే మాట చేశారు, నాకైతే ఇదే నచ్చింది.

లోపాలు కూడా అక్కడే మొదలవుతాయి. ఆ కర్మతోనే పాచికలు మార్చుకోవాలి, ఆ కర్మతోనే శక్తులు పెంచుకోవాలి. పెంచుకోవడం చాలా ఖరీదు. దాచుకున్నవాడు ఆటలో చతికిలబడతాడు, ఖర్చుపెట్టినవాడు ఎప్పటికీ ఎదగడు. మా గ్రూపులో ఒకడు దాచాడు, మూడో రాత్రికి వాడితో ఎవరికీ పడలేదు. సొంత హీరోని చేసుకోవాలంటే అన్నీ పాచికల దయే, కాబట్టి ఒకరికి దేవుడంత బలం, పక్కవాడికి సైకిలు తొక్కేంత బలం రావచ్చు. థోర్, కెప్టెన్ అమెరికా ఒకే టీములో ఉన్నా కామిక్‌లో కథకుడు ఇద్దరికీ పని పెడతాడు. టేబుల్ దగ్గర పట్టిక పెట్టదు, నడిపేవాడే పెట్టాలి. చదువు, నైపుణ్యాల సంగతి కూడా పలచగా వదిలేశారు. ఆట ఎటు తిప్పినా ఫైటింగ్ దగ్గరికే వస్తుంది.

నాకు పెద్ద లోపంగా అనిపించింది ఇంకోటి. థింగ్ బలం 75 అని ఉంటుంది. రాయిలాంటి తన ముఖం అద్దంలో చూసుకున్నప్పుడు వాడికి కలిగే బాధకి కాలమ్ లేదు. కర్బీ గీసింది ముఖ్యంగా ఆ బాధనే.

అసలు కర్బీ 1970లోనే మార్వెల్ వదిలేశాడు. పేరూ లేదు, వాటా లేదు, పెన్షన్ లేదు. డీసీ కంపెనీకి వెళ్లి న్యూ గాడ్స్, మిస్టర్ మిరకిల్ లాంటి పుస్తకాలతో సొంత పురాణమే మొదలుపెట్టాడు, డార్క్‌సైడ్ అక్కడే పుట్టాడు. కానీ ఆయన గీసిన సూపర్‌మ్యాన్ ముఖాలు బాలేవని వేరేవాళ్లతో చెరిపించి గీయించారు. పురాణం మధ్యలో ఆపేశారు. 1975లో మళ్లీ మార్వెల్, 1978లో మళ్లీ బయటికి. చివరికి టీవీ కార్టూన్ల కంపెనీల్లో మర్యాద, మంచి జీతం దొరికాయి. ఆ రోజుల్లోనే రోజర్ జెలాజ్నీ నవల లార్డ్ ఆఫ్ లైట్‌ని సినిమాగా తీస్తామని ఒకాయన వస్తే సెట్ల బొమ్మలు గీసిచ్చాడు. ఆ నవలలో పాత్రలు మన దేవతల పేర్లు పెట్టుకుని తిరుగుతాయి. సినిమా ఆగిపోయింది. ఆ స్క్రిప్టునీ బొమ్మలనీ సీఐఏ తీసుకుని, ఆర్గో అని పేరు మార్చి, 1980లో టెహ్రాన్ నుంచి ఆరుగురు అమెరికన్లని సినిమా యూనిట్ ముసుగులో బయటికి తెచ్చింది.

1984 నాటి ఆ నాలుగు పేజీల మీద కర్బీ సంతకం పెట్టలేదు. తోటి ఆర్టిస్టులు, రచయితలు ఆయన వైపు నిలబడి బహిరంగంగా గొడవ చేశారు. దాదాపు అదే సమయంలో డీసీ మాత్రం తన బొమ్మల వ్యాపారం కోసం డార్క్‌సైడ్ లాంటివాళ్లని కర్బీతోనే మళ్లీ డిజైన్ చేయించి, ఆ వంకతో రాయల్టీ ఇచ్చింది. అంటే ఇవ్వాలనుకుంటే దారి ఉందన్నమాట. 1987లో మార్వెల్ మెత్తబడింది. సుమారు 1,900 పేజీలు తిరిగి వచ్చాయి. మిగతావి ఎక్కడ పోయాయో, ఎవరి గోడల మీద ఉన్నాయో!

1994 ఫిబ్రవరి 6న, 76 ఏళ్ల వయసులో, కాలిఫోర్నియాలోని థౌజండ్ ఓక్స్‌లో గుండె ఆగి పోయాడు. ఐరన్ మ్యాన్ సినిమాకి ఇంకా 14 ఏళ్లుంది. పిల్లలు హక్కుల కోసం కోర్టుకెళ్లారు, కింది కోర్టుల్లో ఓడిపోయారు. కేసు విచారణకి తీసుకోవాలో వద్దో సుప్రీం కోర్టు తేల్చబోతున్న రోజుల్లో, 2014 సెప్టెంబరులో, మార్వెల్ వాళ్లతో రాజీ చేసుకుంది. ఎంతకి అన్నది బయటికి చెప్పలేదు. అప్పటి నుంచి ఫెంటాస్టిక్ ఫోర్ పుస్తకాల్లో స్టాన్ లీ పక్కన జాక్ కర్బీ పేరు కూడా సృష్టికర్తగా పడుతోంది.