చదరంగ యోధుడు ఆండర్సెన్

చదరంగం భారతదేశంలో పుట్టిన క్రీడ అని చరిత్రకారులలో అత్యధికులు అంగీకరించారు. రథ, గజ, తురగ, పదాతులనే నాలుగు అంగాలు గల సేనకు ప్రతిరూపం కనుక దీనికి చతురంగమనే పేరు వచ్చింది. ఆ పేరే తెలుగువారి నాలుకపై చదరంగమైంది. పారశీక, అరబ్బు దేశాల మీదుగా ఈ క్రీడ ఐరోపా ఖండానికి చేరింది. 15వ శతాబ్ది చివరి భాగంలో అక్కడ మంత్రికి, శకటుకు నడకలో కొత్త వేగం లభించింది. ఆ మార్పుతో ఆటలో దాడికి ప్రాధాన్యం పెరిగింది. 19వ శతాబ్దిలో ఆ దాడి పద్ధతిని ఉన్నత శిఖరాలకు చేర్చిన వారిలో అగ్రగణ్యుడు అడాల్ఫ్ ఆండర్సెన్.

ఆండర్సెన్ 1818 జూలై 6వ తేదీన ప్రష్యా రాజ్యంలోని బ్రెస్లావ్ నగరంలో జన్మించాడు. నేడు ఆ నగరం వ్రోత్స్వాఫ్ అనే పేరుతో పోలండు దేశంలో ఉంది. తొమ్మిదేళ్ళ ప్రాయంలో తండ్రి వద్ద ఆయన చదరంగం నేర్చుకున్నాడు. బ్రెస్లావ్ విశ్వవిద్యాలయంలో గణితాన్ని, తత్త్వశాస్త్రాన్ని అభ్యసించాడు. 1847లో చదువు ముగించుకొని, అదే నగరంలోని ఒక ఉన్నత పాఠశాలలో గణిత బోధకుడుగా చేరాడు. జీవితాంతం అధ్యాపక వృత్తిలోనే కొనసాగాడు. వివాహం చేసుకోలేదు. చదరంగం ఆయనకు జీవనోపాధి కాదు. పాఠాలు ముగిసిన తరువాత మిగిలిన సమయంలో, సెలవు దినాలలో ఆయన చేసిన సాధన అది.

విద్యార్థి దశలోనే, 1842లో, ఆయన 60 చదరంగ సమస్యలను సంకలనం చేసి ప్రకటించాడు. బల్లపై కొన్ని పావులను అమర్చి, నిర్ణీతమైన ఎత్తులలో ప్రత్యర్థి రాజును కట్టివేయమని అడిగే చిక్కుప్రశ్నలే ఈ సమస్యలు. వీటిని కల్పించే అలవాటు వల్ల ఆయన చూపు పావుల విలువపై కాక, వాటి పరస్పర సహకారంపై నిలిచింది. 1848లో ప్రసిద్ధ క్రీడాకారుడు హార్విట్జ్‌తో తలపడి ఆండర్సెన్ సరిసమానంగా నిలిచాడు. దానితో జర్మనీ దేశీయుల దృష్టి ఆయనపై పడింది.

1851లో లండను నగరంలో మహాప్రదర్శన జరిగింది. ఆ సందర్భాన్ని పురస్కరించుకొని ఇంగ్లండు దేశపు మేటి ఆటగాడు హోవర్డ్ స్టాంటన్ తొలి అంతర్జాతీయ చదరంగ పోటీని ఏర్పాటు చేశాడు. ఆహ్వానం అందినప్పటికీ ఆండర్సెన్ సందేహించాడు. బడిపంతులు జీతంతో లండను ప్రయాణం భారమైన విషయం. బహుమతి రాకపోతే ప్రయాణవ్యయం తానే భరిస్తానని స్టాంటన్ ముందుకు రావడంతో ఆయన బయలుదేరాడు. పోటీలో మొత్తం 16 మంది పాల్గొన్నారు. ఓడినవాడు ప్రథమ బహుమతికి దూరమయ్యే పద్ధతి అది. ఆండర్సెన్ మొదట కీజెరిట్స్కీని, తరువాత సేన్‌ను జయించాడు. ఆ పిమ్మట, తనను ఆహ్వానించిన స్టాంటన్‌నే ఓడించాడు. చివరకు వైవిల్‌పై గెలిచి ప్రథమ బహుమతిని అందుకున్నాడు. అంతవరకు అంతగా పేరులేని ఒక ఉపాధ్యాయుడు ఐరోపాలోని అగ్రశ్రేణి ఆటగాడుగా గుర్తింపు పొందాడు.

అయితే ఆయనకు శాశ్వత కీర్తిని తెచ్చిన ఆట ఆ పోటీలోనిది కాదు. పోటీల నడుమ విరామంలో, 1851 జూన్ 21వ తేదీన, కీజెరిట్స్కీతో సరదాగా ఆడిన ఆట అది. ఆండర్సెన్‌వి తెల్లపావులు. రెండవ ఎత్తులోనే ఆయన ఒక బంటును ఎరవేశాడు. కొంతసేపటికి ఒక శకటును వదులుకున్నాడు. అటుపిమ్మట రెండు ఏనుగులనూ ప్రత్యర్థికి విడిచిపెట్టాడు. 22వ ఎత్తులో మంత్రిని సైతం బలియిచ్చాడు. 23వ ఎత్తులో ఒక శకటు, రెండు గుర్రాలు కలిసి నల్లరాజును కట్టివేశాయి.

చదరంగంలో పావులకు ఒక స్థూలమైన విలువ ఉంది. బంటుకు 1, గుర్రానికి, శకటుకు 3 చొప్పున, ఏనుగుకు 5, మంత్రికి 9 అని లెక్కిస్తారు. ఈ లెక్క ప్రకారం ఆండర్సెన్ పోగొట్టుకున్నది 24. ఆయన గెలుచుకున్నది మూడు బంట్లు మాత్రమే. కూడికలు, తీసివేతలు చేస్తే ఆయన ఏనాడో ఓడిపోవలసినవాడు. కాని నల్లమంత్రి ఏనుగును చేజిక్కించుకొనే ఆశతో బల్ల మూలకు చేరింది. నల్ల ఏనుగులు రెండూ పుట్టిన గళ్ళు వదలలేదు. బలగం ఎంత ఉన్నా రాజును కాపాడగల చోట అది లేదు. తెల్లపావులు కొద్దివే అయినా అవసరమైన చోటనే ఉన్నాయి. ఆండర్సెన్ త్యాగంలోని అంతరార్థం ఇదే.

పరాజితుడైన కీజెరిట్స్కీయే ఈ ఆటను లోకానికి వెల్లడించడం అతని సహృదయతకు నిదర్శనం. 1855లో ఫాల్క్‌బేర్ అనే చదరంగ రచయిత దీనికి అమర క్రీడ అని నామకరణం చేశాడు. ఈ ఆటలో లోపాలు లేకపోలేదు. 18వ ఎత్తులో ఆండర్సెన్‌కు అంతకంటె మేలైన మార్గాలు ఉన్నాయని, కీజెరిట్స్కీ కూడ మరింత దృఢంగా ఎదుర్కొని ఉండవచ్చునని తరువాతి విశ్లేషకులు నిరూపించారు. అయినా దాని శోభ తగ్గలేదు. 1852లో బెర్లిన్ నగరంలో డ్యూఫ్రెన్‌పై మంత్రిని త్యాగం చేసి ఆండర్సెన్ గెలిచిన మరొక ఆట నిత్యహరిత క్రీడగా ప్రసిద్ధి చెందింది.

సాహసం ఎల్లవేళలా ఫలించదు. 1858 డిసెంబరులో పాఠశాల సెలవులను ఉపయోగించుకొని ఆండర్సెన్ ప్యారిస్ వెళ్ళాడు. అమెరికా నుండి వచ్చిన 21 ఏళ్ళ పాల్ మోర్ఫీతో అక్కడ తలపడ్డాడు. 11 ఆటలలో మోర్ఫీ ఏడు గెలిచాడు. ఆండర్సెన్‌కు దక్కినవి రెండు మాత్రమే. తక్కిన రెండూ సమమయ్యాయి. మోర్ఫీ కూడ పావులను వెనుదీయక త్యాగం చేసేవాడే. కాని ముందుగా తన బలగాన్నంతటినీ యుద్ధరంగానికి రప్పించి, ఆ తరువాతనే దాడికి దిగేవాడు. సన్నాహం లేని సాహసం కంటె సన్నాహం గల సాహసం బలమైనదని ఆ పోటీ రుజువు చేసింది. నలభై ఏళ్ళ ఆండర్సెన్ తనకంటె ఎంతో చిన్నవాడైన ప్రత్యర్థి ఆధిక్యాన్ని నిస్సంకోచంగా అంగీకరించాడు.

ఓటమితో ఆయన ఆటను విడిచిపెట్టలేదు. 1862లో లండనులో ప్రతి ఆటగాడు తక్కిన అందరితో తలపడే అంతర్జాతీయ పోటీ జరిగింది. అందులో ఆయన ప్రథమస్థానం పొందాడు. 1866లో విల్‌హెల్మ్ స్టైనిట్జ్ చేతిలో ఎనిమిది ఆటలకు ఆరు ఆటల తేడాతో ఓడిపోయాడు. ఆ 14 ఆటలలో ఒక్కటీ సమంగా ముగియలేదు. ఇద్దరూ రాజీ ఎరుగని యోధులనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. నాలుగేళ్ళ తరువాత, 1870లో, బాడెన్-బాడెన్ పోటీలో అదే స్టైనిట్జ్‌ను వెనుకకు నెట్టి ఆండర్సెన్ అగ్రస్థానంలో నిలిచాడు. అప్పటికి ఆయన వయస్సు 52 సంవత్సరాలు.

ఆండర్సెన్ చదరంగం నేర్చి 50 ఏళ్ళు నిండిన సందర్భంగా 1877లో లైప్‌జిగ్ నగరంలో ఆయన గౌరవార్థం ఒక పోటీని నిర్వహించారు. సన్మానం అందుకొని ఊరకుండక ఆయన తానూ బరిలోకి దిగి, రెండవ స్థానాన్ని మరొకరితో కలిసి పంచుకున్నాడు. 1879 మార్చి 13వ తేదీన బ్రెస్లావ్ నగరంలోనే కన్నుమూశాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబుల ధాటికి ఆయన సమాధి దెబ్బతిన్నది. యుద్ధానంతరం నగరం పోలండుకు దక్కింది. 1957లో పోలండు చదరంగ సమాఖ్య ఆయన అస్థికలను అదే నగరంలోని మరొక శ్మశానవాటికకు తరలించి గౌరవించింది. రాజ్యం మారినా, భాష మారినా ఆ ఉపాధ్యాయుని పట్ల క్రీడాలోకానికి గల ఆదరం మారలేదు.

చేతిలో ఉన్న దానిని వదులుకోవడం అందరికీ సాధ్యమే. దేనికోసం వదులుకుంటున్నామో తెలిసి వదులుకోవడం కొందరికే సాధ్యం. ఆ వివేకాన్ని 64 గళ్ళ బల్లపై ప్రదర్శించి, ఓడినప్పుడు ఎదుటివాని గొప్పతనాన్ని మనసారా మెచ్చుకొన్న ఆండర్సెన్ జీవితం సాహసానికీ, సౌజన్యానికీ ఉదాహరణగా నిలిచింది.