రీసెట్ వెనక ఉన్న గడ్డం ఆయన

మొన్న నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో టెల్నెట్‌తో రౌటర్‌లోకి వెళ్లి రీలోడ్ కొట్టాను. మార్పులు సేవ్ చేయాలా అని అడిగితే, చదవకుండానే నో అన్నాను. మా బ్యాచ్ గంటన్నర కష్టం గాల్లో కలిసింది. స్క్రీన్ బిగుసుకుపోయింది. రౌటర్ మళ్లీ లేచాక ఎంటర్ నొక్కితే కనెక్షన్ రీసెట్ అని వచ్చింది. ఫ్రెండ్స్ చేత తిట్లు తిన్నాక, అసలు ఈ రీసెట్ సంగతేంటని వెతికితే జాన్ పోస్టెల్ దొరికారు.

1943లో కాలిఫోర్నియాలో పుట్టారు. పెద్ద గడ్డం, కాళ్లకి చెప్పులు. యూసీఎల్‌ఏలో చదువుతుండగానే, 1969లో ఆర్పానెట్ తొలి నోడ్ ఆ ల్యాబ్‌లోనే మొదలైంది. ఇంటర్నెట్ రూల్స్ అన్నీ రాసుకునే ఆర్‌ఎఫ్‌సీలకి అప్పట్నుంచి చనిపోయేదాకా ఆయనే ఎడిటర్. ఏ పోర్టుకి ఏ నంబరు అన్నదీ ఆయనే చూసుకునేవారు. టెల్నెట్‌కి 23 అని మనం వైవాకి బట్టీపడతామే, ఆ లిస్టే.

1981లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 793, అంటే టీసీపీ, ఆయన ఎడిట్ చేసిందే. రీసెట్ అందులోనే ఉంది. ఒక మెషీన్ పడి లేస్తే పాత కనెక్షన్లేవీ దానికి గుర్తుండవు. అవతలి మెషీన్‌కి ఆ సంగతి తెలీదు, పాత లెక్కలోనే ప్యాకెట్ పంపుతుంది. నువ్వెవరో నాకు తెలీదు అన్నట్టు ఇది రీసెట్ పంపుతుంది. అప్పుడు అవతలిది కూడా పాత కనెక్షన్ వదిలేస్తుంది. నా రౌటర్ చేసిందీ అచ్చంగా ఇదే! నేను ఎర్రర్ అనుకున్నాను గానీ, అది మర్యాదగా చెప్పిన సమాధానం. 1983లో జాయిస్ రేనాల్డ్స్‌తో కలిసి టెల్నెట్ స్పెసిఫికేషన్ కూడా రాశారు.

ఆయన చేసిన పెద్ద రీసెట్ ఇంకోటుంది. 1998 జనవరిలో, డీఎన్ఎస్ రూట్ సర్వర్లు నడిపేవాళ్లలో ఎనిమిది మందికి మెయిల్ పెట్టి, ఇకనుంచి నా మెషీన్ నుంచి డేటా తీసుకోండి అన్నారు. వాళ్లు మారు మాట్లాడకుండా మార్చేశారు. యూజర్లకి తేడా కూడా తెలీలేదు. అమెరికా ప్రభుత్వం మాత్రం ఉలిక్కిపడింది. అది టెస్ట్ అని చెప్పి, కొద్ది రోజుల్లోనే వెనక్కి తిప్పేశారు. ఒక్క మనిషి మాట మీద అంత నడవడం నాకైతే భయంగానే అనిపించింది. కానీ దాదాపు ముప్ఫై ఏళ్లు ఆ నమ్మకాన్ని సొంతానికి వాడుకోని మనిషి కూడా ఆయనే.

అదే ఏడాది అక్టోబర్ 16న, గుండె ఆపరేషన్ తర్వాత పోయారు. 55 ఏళ్లు. ఆయన చదివిన హైస్కూల్లోనే చదివిన వింట్ సెర్ఫ్ రాసిన నివాళి కూడా ఆర్‌ఎఫ్‌సీగానే వచ్చింది, నంబర్ 2468. ల్యాబ్ రికార్డ్ పక్కన పెట్టి అది చదువుతూ కూర్చున్నాను.