మర్హూం షోయబుల్లా ఖాన్ – హుకూమత్ ఎవరిది?

రాజ్యం, ప్రభుత్వం, సార్వభౌమత్వం అనే మాటలు మన పిల్లలు బడిలో చదువుతారు, ఇంతిహాన్ కాగానే మరచిపోతారు. ఈ మాటల అసలు అర్థాన్ని మన హైదరాబాద్ రియాసత్‌లోనే ఒక నవజవాను ప్రాణమిచ్చి చెప్పిపోయారు. వారే ఇమ్రోజ్ ఉర్దూ దినపత్రిక సంపాదకులు మర్హూం షోయబుల్లా ఖాన్ సాహెబ్. వారి జీవితాన్ని సభ్యుల ముందు, వారి ఇంటిల్లిపాది ముందు క్లుప్తంగా ఉంచుతున్నాము.

ఖాన్ సాహెబ్ 1920 అక్టోబరు 17న వరంగల్ జిల్లాలో జన్మించారు. తండ్రి రైల్వే పోలీసులో ఉద్యోగి. ఉస్మానియాలో పట్టా పుచ్చుకున్న వారికి ఆ రోజుల్లో సర్కారీ నౌకరీ అందని పండు కాదు. అయినా వారు కలాన్నే నమ్ముకున్నారు. మొదట తేజ్ పత్రికలో, పిమ్మట మందుముల నరసింగరావు గారి రయ్యత్‌లో పనిచేశారు. సర్కారు ఆగ్రహం వల్ల రెండూ ఆగిపోయాయి. 1947 నవంబరులో బూర్గుల రామకృష్ణారావు గారి వంటి పెద్దల సహాయంతో ఇమ్రోజ్ ప్రారంభించారు. ఇమ్రోజ్ అంటే ఈ రోజు అని అర్థం.

అప్పటి పరిస్థితి చెప్పుకోవాలి. 1947లో బ్రిటిషు వారు వెళ్ళిపోతూ సంస్థానాలపై తమ అధికారం ముగిసిందన్నారు. భారత్‌లోనో పాకిస్తాన్‌లోనో చేరడానికి సంస్థానాధీశుడు సంతకం చేసే పత్రమే విలీన పత్రం. నిజాం ఎందులోనూ చేరనన్నారు. నవంబరు 29న భారత ప్రభుత్వంతో ఒక్క ఏడాదికి యథాతథ ఒప్పందం మాత్రం చేసుకున్నారు. అంటే ఉన్నది ఉన్నట్టు సాగించడమే గాని, అది విలీనమూ కాదు, పూర్తి స్వాతంత్ర్యమూ కాదు.

ఆనాటి ఇత్తెహాదుల్ ముస్లిమీన్ వారు రియాసత్‌లో ప్రతి ముసల్మానూ పాలకుడే అని ప్రచారం చేశారు. వినడానికి బాగానే ఉండేది. కాని టాంగా తోలే గరీబు ముసల్మానుకు ఆ పాలనలో దక్కిందేమిటి? రియాసత్‌లో ముస్లింలు నూటికి పదముగ్గురు లోపే. మిగతా వారిని కాదని ఏ హుకూమత్ నిలుస్తుంది?

ఖాన్ సాహెబ్ కోరింది జిమ్మేదారానా హుకూమత్, అనగా బాధ్యతాయుత ప్రభుత్వం. మంత్రులు రాజుకు కాదు, ప్రజలు ఎన్నుకున్న సభకు జవాబు చెప్పాలి. సభ్యులు ఓటర్లకు జవాబు చెప్పాలి. రియాసత్ భారత్‌లో చేరాలనీ, రజాకార్ల దౌర్జన్యాలు ఆగాలనీ రాశారు. 1948 ఆగస్టులో బాఖర్ అలీ మీర్జా, ముల్లా అబ్దుల్ బాసిత్ మొదలైన ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఇదే కోరుతూ ప్రకటన చేస్తే, దాన్ని ఇమ్రోజ్‌లో వేశారు. బెదిరింపులు వచ్చినా వెనక్కి తగ్గలేదు.

ఆగస్టు 21 రాత్రి పని ముగించుకొని బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో ఇంటికి పోతుండగా కాచిగూడ ప్రాంతంలో దుండగులు దాడి చేశారు. తుపాకీతో కాల్చి, రాసే చెయ్యి నరికేశారు. ఇస్మాయిల్ ఖాన్ చెయ్యి కూడా పోయింది. తెల్లవారేలోగా ఖాన్ సాహెబ్ కన్నుమూశారు. అప్పటికి ఇరవై ఎనిమిదేండ్లు కూడా నిండలేదు.

ఇంకొక సంగతి గమనించాలి. సరిగ్గా అదే తేదీన హైదరాబాద్ ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి భారత్ మీద ఫిర్యాదు తంతి పంపింది. ప్రపంచాన్ని ఇన్సాఫ్ అడుగుతున్న హుకూమత్ తన ఇలాఖాలో ఒక కలాన్ని కాపాడలేకపోయింది. బయటి దేశాలు గుర్తిస్తే చాలదు, సొంత ప్రజలు ఒప్పుకోవాలి. సార్వభౌమత్వానికి పునాది అదే.

సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది, 18న నిజాం సైన్యం లొంగిపోయింది. మన మోత్కూర్ వైపు పెద్దలు దాన్ని పోలీస్ యాక్షన్ అంటారు. ఆ తరువాత ఏ పాపం ఎరుగని ముస్లిం కుటుంబాలు ఎన్నో బలి అయ్యాయి. భారత ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ గార్ల బృందం ఆ ఘోరాలను నివేదించింది. తఖ్తు కోసం అరిచిన వారి మూల్యాన్ని తఖ్తుతో సంబంధమే లేని గరీబులు చెల్లించారు.

మిల్లత్ వేరు, హుకూమత్ వేరు. పాలకుడి తప్పును తప్పనడం కౌముకు ద్రోహం కాదు, ఖిద్మత్. ఈ రోజు ఓటు వేసేటప్పుడు, పంచాయతీలో లెక్క అడిగేటప్పుడు మనం వాడేది వారు కోరిన హక్కునే. దాన్ని వాడుకోవడమే వారికి మనం చేసే గౌరవం.

అల్లాహ్ మర్హూం ఖాన్ సాహెబ్‌కు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.