జి. డి. నాయుడుగారు: విప్పి చూచి నేర్చిన విద్య

వానకాలమున దెగ్లూరు నుండి గాని, భోకర్ నుండి గాని నాందేడునకు బస్సులో వచ్చు విద్యార్థులెల్లరు ఎరిగిన సంగతి యొకటి కలదు. వాన జోరుగా కురియుచుండగా ముందరి అద్దమును తుడుచు వైపరు ఆగిపోయినచో, ఇంజను చక్కగా ఉన్నను బస్సు కదలరాదు. త్రోవ కానరాక డ్రైవరు బండిని ప్రక్కకు నిలుపును. నలువది ఏబది మంది ప్రయాణము ఒక చిన్న రబ్బరు పట్టీపై ఆధారపడియుండును. అట్టి వేళ సంచి విప్పి, స్పానరు చేతబట్టి, లోపమెచ్చటనో కనుగొను మనుష్యుని విలువ మనకు తెలియును. వాన వెలిసిన పిమ్మట ఆ విలువను మరచిపోవుదుము.

అట్టి పనినే జీవితవిద్యగా చేసికొని, దానివలననే దేశమంతట పేరు గడించిన తెలుగు బిడ్డ శ్రీ జి. డి. నాయుడుగారు. వారు పుట్టి పెరిగినది తెలుగు నేలపై కాదు. తమిళనాటి కోయంబత్తూరు ప్రాంతమున. వారిది తెలుగు మాటలాడు కుటుంబము, చుట్టునున్నది తమిళము. మనకు మరాఠీ యెట్టిదో వారికి తమిళము అట్టిది. కావున వారి చరిత్ర మనకు మరింత దగ్గరిది.

నాయుడుగారు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపమునగల కలంగల్ గ్రామమున జన్మించిరి. వారి పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. తండ్రి వ్యవసాయదారుడు. శైశవముననే తల్లి గతించెను. గ్రామ పాఠశాలకు పంపిరి గాని, అచ్చటి చదువుపై బాలుని మనసు నిలువలేదు. ఉపాధ్యాయునిపై ఇసుక చల్లి పారిపోయెనని చెప్పుదురు. వారి బడి చదువు ప్రాథమిక తరగతులతోనే ముగిసినది. ఈ భాగము మనము అనుసరింపదగినది కాదు. పెద్దవారైన పిదప నాయుడుగారే విద్యాలయమును స్థాపించుటకు పూనుకొనిరని ముందు చూడగలరు.

యౌవనమున వారి జీవితమును మార్చినది ఒక మోటారు సైకిలు. ఒక ఆంగ్ల రెవెన్యూ అధికారి దానిపై ఆ ప్రాంతమునకు వచ్చెను. దారిలో బండి ఆగిపోగా, ఈ పల్లె యువకుడు కావలసిన కిరసనాయిలును, గుడ్డను తెచ్చి యిచ్చి, ఆ అధికారి దానిని బాగుచేయు విధమును కన్నార్పక చూచెనని చెప్పుదురు. ఎద్దులు లేక, గుఱ్ఱము లేక పరుగెత్తు ఆ యంత్రమును చూచి ఇతరులు ఆశ్చర్యపడి ఊరకుండిరి. నాయుడుగారు మాత్రము అది ఏల నడచునో, ఏల ఆగునో తెలిసికొనగోరిరి.

కోరిక కలిగినది గాని చేతిలో ధనము లేదు. అంతట వారు కోయంబత్తూరు చేరి, ఒక హోటలున వడ్డన పనికి కుదిరిరి. జీతమును కూడబెట్టి ఆ మోటారు సైకిలును 300 రూపాయలకు కొనిరని ప్రసిద్ధి. కొన్న బండిపై ఊరేగి తృప్తినొందువారే లోకమున అధికులు. నాయుడుగారు దానిని ముక్కలు ముక్కలుగా విప్పిరి, మరల కూర్చిరి, మరల విప్పిరి. వారికి గురువు ఆ యంత్రమే, పుస్తకమును ఆ యంత్రమే. ఇట్లు వారు మెకానిక్కు అయిరి.

తరువాత కొంతకాలము పత్తి వ్యాపారము చేసి లాభము గడించిరి. ఆ ధనమును బొంబాయి పత్తి బజారులో పోగొట్టుకొనిరి. ధనము పోయినను చేతిలోని విద్య పోలేదు. 1920లో రాబర్టు స్టేన్సు అను ఆంగ్ల వ్యాపారి సాయముతో ఒక బస్సును సంపాదించి, పొల్లాచి నుండి యాత్రాస్థలమగు పళనికి తామే నడుపసాగిరి.

ఆ కాలపు బస్సును నడుపువాడు మరమ్మతు కూడ ఎరిగియుండవలెను. దారిలో టైరు పంక్చరగును. ప్లగ్గునకు మసి పట్టును. కార్బురేటరులో చెత్త చేరును. రేడియేటరులో నీరు మరుగును. అద్దము తుడుచు వైపరు సైతము అప్పటికి క్రొత్త వస్తువే. న్యూయార్కులో ట్రాము డ్రైవరు మంచుతో కప్పబడిన అద్దమువలన పడు పాట్లు చూచి, మేరీ ఆండర్సన్ అను అమెరికా వనిత 1903లో దానికి పేటెంటు పొందెను. లోపలినుండి చేతితో మీటను త్రిప్పిన బయట రబ్బరు పట్టీ అద్దమును తుడుచును. ఆమె పేటెంటు గడువు తీరువరకు దానిని కొని తయారుచేయు సంస్థ యేదియు ముందునకు రాలేదు. ఉపయోగమైన వస్తువునకు సహితము లోకము వెంటనే తలుపు తెరువదు.

యంత్రమున లోపమును వెదకుట యెట్లో ఆ వైపరునే ఉదాహరణముగా గైకొని చూతము. నేటి బస్సులలో అది విద్యుత్తుతో తిరుగు మోటారువలన నడచును. వైపరు కదలుచున్నను అద్దముపై నీటి గీతలు మిగిలినచో, తప్పు మోటారుది కాదు. ఎండకు గట్టిపడి పగిలిన రబ్బరుది. రబ్బరును, అద్దమును శుభ్రపరచి చూచి, అప్పటికిని గీతలు పోకున్న రబ్బరు మార్చవలెను. వైపరు బొత్తిగా కదలనిచో మొదట ఫ్యూజును, పిదప స్విచ్చును, తీగలను పరీక్షింపవలెను. మోటారు చప్పుడు వినవచ్చుచు చేయి మాత్రము కదలనిచో, చేయి మొదట నున్న నట్టు వదులైయుండును, లేదా లోపలి కడ్డీ కీలు నుండి ఊడియుండును. కదలిక మందగించినచో ఇరుసు తుప్పుపట్టి గ్రీజు లేక బిగిసియుండవచ్చును. ఇవేవియు చూడక మొదటనే క్రొత్త మోటారు కొనువాడు ధనమును వృథా చేయును. సులభముగా పరీక్షింపదగినదానిని ముందు, కష్టమైనదానిని వెనుక పరీక్షించుటయే మరమ్మతు విద్యలోని మూలసూత్రము. నాయుడుగారు మోటారు సైకిలును విప్పి నేర్చినదియు ఇట్లు కారణమును వెదకు విద్యయే.

వారి యొక్క బస్సు కాలక్రమమున పెద్ద మోటారు సర్వీసు సంస్థగా పెరిగెను. బస్సులను బాగుచేయు చేయి క్రమముగా క్రొత్త వస్తువులను సృష్టింపసాగెను. 1937లో బాలసుందరం నాయుడుగారితో కలిసి వారు విద్యుత్తు మోటారును తయారుచేసిరి. భారతదేశమున తయారైన మొదటి విద్యుత్తు మోటారు అదియే యందురు. గడ్డము గీయు విద్యుత్తు రేజరు, పండ్ల రసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా మొదలగునవియు వారి ప్రతిభా ఫలములే. 1952లో ఇద్దరు కూర్చుండదగిన చిన్న కారును 2,000 రూపాయల వెలతో అందింప సంకల్పించిరి. ప్రభుత్వమునుండి లైసెన్సు లభింపనందున ఆ కారు జనులకు అందలేదు. మేరీ ఆండర్సన్ వలెనే నాయుడుగారికిని ఇట్టి ఆశాభంగము తప్పలేదు.

బడిని విడిచి పారిపోయిన ఆ బాలుడే 1945లో కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పేర పాలిటెక్నిక్కును, ఇంజనీరింగు కళాశాలను నెలకొల్పుటకు ముఖ్య కారకుడయ్యెను. నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాలకు మూలము అదియే. దానికి ప్రిన్సిపాలుగా నుండి, నాలుగు సంవత్సరముల చదువును రెండు సంవత్సరములలో నేర్పవచ్చునని నాయుడుగారు వాదించిరి. ప్రభుత్వము సమ్మతింపలేదు. వారు పదవిని విడిచిరి. ఆ వాదము సరియైనదా కాదా యను విషయమున భిన్నాభిప్రాయము లుండవచ్చును. చేతిపని లేని చదువు అసంపూర్ణమను వారి నమ్మకమును మాత్రము కాదనజాలము.

నాయుడుగారు 1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన పరమపదించిరి. కోయంబత్తూరులో వారి పేర ప్రదర్శనశాల కలదు.

తల్లిదండ్రులారా! గ్రీజు అంటిన చేతిని చూచి చిన్నచూపు చూచుట మనలో ఇంకను పోలేదు. కుమారుడు గాని, కుమార్తె గాని యంత్రము విప్పుటకు కూర్చున్నచో, చదువు చెడునని కోపింతుము. విప్పినదానిని తిరిగి కూర్చగలిగిన బిడ్డ చదువునకు దూరమైనట్లు కాదు.

విద్యార్థులారా! మన యింట తెలుగు, వీథిలో మరాఠీ, పుస్తకములలో హిందీయు ఆంగ్లమును కలవు. ఇన్ని భాషల నడుమ మనము వెనుకబడుదుమేమో యని కొందరు భయపడుదురు. తమిళనాట పెరిగిన తెలుగు బిడ్డకు ఆ స్థితి ఆటంకము కాలేదు. ఇంటిలో ఏ వస్తువైన ఆగిపోయినపుడు పారవేయుటకు ముందు, పెద్దల అనుమతి గైకొని, విద్యుత్తు తీగను తొలగించి, అది ఏల ఆగెనో ఒకమారు పరిశీలింపుడు. ఏ మరను ఎచ్చటనుండి తీసితిరో కాగితముపై వ్రాసికొనుడు. కారణము దొరకిననాడు కలుగు ఆనందమును మీరే ఎరుగుదురు.