రావి నారాయణరెడ్డి: చిలుకూరు సభలో మొదలైన టీమ్.. నెహ్రూను దాటిన ఓట్లు!

1952 ఎన్నికలు. దేశమంతా నెహ్రూ గాలి వీస్తోంది. కానీ నల్గొండ లోక్‌సభ స్థానంలో ఒక నాయకుడికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. ఏకంగా 3 లక్షలు దాటాయి. ఆయనే రావి నారాయణరెడ్డి. ఈ రికార్డు చాలామందికి తెలుసు. ఆ ఓట్ల వెనకున్న టీమ్ ఎలా తయారైందో మాత్రం తక్కువమందే చెప్పుకుంటారు.

1908లో భువనగిరి దగ్గర బొల్లేపల్లిలో భూస్వాముల ఇంట్లో పుట్టారు. 1930ల్లో హరిజన సేవక్ సంఘంలో పనిచేశారు. 1938లో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహంలో పాల్గొన్నారు.

అసలు మలుపు 1941లో వచ్చింది. కోదాడ పక్కనే ఉన్న చిలుకూరులో ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షుడు నారాయణరెడ్డి. అప్పటిదాకా మహాసభ అంటే ఎక్కువగా వకీళ్లు, చదువుకున్న పెద్దలే. గ్రంథాలయాలు, తెలుగు భాష లాంటి విషయాలపైనే చర్చ. చిలుకూరు తర్వాత కుర్రాళ్ల మాట చెల్లడం మొదలైంది. వెట్టి, భూమి, కౌలు ముందుకొచ్చాయి. తర్వాత సభ్యత్వ రుసుమును కూడా రూపాయి నుంచి అణాల్లోకి దించారు. చిన్న నిర్ణయంలా కనిపిస్తుంది కానీ, కూలికి వెళ్లేవాళ్లకు తలుపు తెరిచింది ఇదే.

ఊరూరా గ్రామ కమిటీలు పుట్టాయి. జనం నోట్లో మహాసభ కాస్తా 'సంఘం' అయిపోయింది. దొర గడీకి వెట్టికి పోవాలా వద్దా అన్నది ఊళ్లోవాళ్లే కూర్చొని తేల్చుకునేవారు. హైదరాబాద్ నుంచి కబురొచ్చేదాకా ఆగే పని లేదు. సూర్యాపేట తాలూకాలో భీమిరెడ్డి నర్సింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం ఈ సంఘంలోనే ఎదిగారు. తర్వాత భీమిరెడ్డి మిర్యాలగూడ ఎంపీ కూడా అయ్యారు.

అయితే అందరినీ కలుపుకుపోవడం కుదరలేదు. మితవాదులు 1944 భువనగిరి సభకు దూరంగా ఉండి వేరుకుంపటి పెట్టుకున్నారు.

సొంత టీమ్‌తోనూ చిక్కులొచ్చాయి. 1948లో హైదరాబాద్ విలీనమయ్యాక సాయుధ పోరాటం ఆపాలన్నది ఆయన వాదన. పార్టీ వినలేదు, పోరాటం కొనసాగింది. చివరికి 1951 అక్టోబర్‌లో విరమించారు. మధ్యలో పోయిన ప్రాణాలను తలచుకుంటే ఈ మూడేళ్ల చర్చ ఇప్పటికీ బరువుగానే ఉంటుంది.

విరమించిన కొద్ది నెలలకే ఎన్నికలు. కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండటంతో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో బరిలోకి దిగారు. నల్గొండ అప్పట్లో ఇద్దరు ఎంపీల స్థానం. రిజర్వుడు సీటులోనూ ఫ్రంట్ అభ్యర్థి సుంకం అచ్చాలే గెలిచారు. అంటే ఓట్లు ఒక్క మనిషికే కాదు, జట్టుకూ పడ్డాయి.

1957లో భువనగిరి ఎమ్మెల్యేగా, 1962లో మళ్లీ నల్గొండ ఎంపీగా నెగ్గారు. 1964లో పార్టీ చీలినప్పుడు ఆయన సీపీఐలోనే ఉన్నారు. భీమిరెడ్డి సీపీఎం వైపు వెళ్లారు. నారాయణరెడ్డి 1991 సెప్టెంబర్ 7న కన్నుమూశారు. మరుసటి ఏడాది కేంద్రం పద్మవిభూషణ్ ప్రకటించింది.