పెనం లాంటి గిటారు, దాని వెనక మనిషి

మోహన వీణ కచేరీ చూసే ఉంటారు. విశ్వమోహన్ భట్ గారు గిటారుని ఒళ్ళో పడుకోబెట్టుకుని, తీగల మీద స్టీలు కడ్డీ జార్చుతూ వాయిస్తారు. ఆ పద్ధతికి పుట్టిల్లు హవాయి దీవులు. అలా ఒళ్ళో పెట్టుకుని వాయించే ల్యాప్ స్టీల్ గిటారు 1920లలో అమెరికా అంతటినీ ఊపేసింది. దాన్నే నమ్ముకుని వేదికల మీద బతుకు వెళ్ళదీసినవాళ్ళలో ఒకడు జార్జ్ బీచమ్. ఎలక్ట్రిక్ గిటారు చరిత్ర ఎవరు రాసినా ఆయన పేరు లేకుండా మొదలవ్వదు.

ఆయన 1899లో టెక్సాస్‌లో పుట్టి, తర్వాత లాస్ ఏంజెలెస్ చేరాడు. ఆయన బాధల్లా ఒక్కటే, వినపడకపోవడం. బాకాలు, డ్రమ్ములు అందుకున్నాయంటే గిటారు మోగుతోందో లేదో జనానికి తెలిసేదే కాదు. జాన్ డోప్యెరా అనే వాయిద్యాల పనివాడి చేత గిటారుకి గ్రామఫోను కొమ్ము పెట్టించి చూశాడు. తృప్తి కలగలేదు. ఆ తర్వాత లోపల మూడు పల్చటి అల్యూమినియం శంకువులు అమర్చిన గిటారు కుదిరింది. దాంతో నేషనల్ అనే కంపెనీ పుట్టింది. కానీ భాగస్వాములకి పడలేదు. డోప్యెరా ముందే బయటికి వెళ్ళిపోయాడు, 1931లో బీచమ్ ఉద్యోగం కూడా ఊడింది. దేశమంతా ఆర్థిక మాంద్యం.

మనమైతే ఇంకో ఉద్యోగం వెతుక్కుంటాం. ఆయన ఇంట్లో కూర్చుని, పాల్ బార్త్ అనే మిత్రుడి సాయంతో తీగచుట్ట మీద పని పట్టాడు. సూత్రం మనం ఫస్టియర్‌లో చదివిందే, ఫారడే నియమం. అయస్కాంత క్షేత్రంలో స్టీలు తీగ కదిలితే ఫ్లక్స్ మారుతుంది, పక్కనున్న కాయిల్‌లో వోల్టేజీ పుడుతుంది. రెండు లాడం అయస్కాంతాలని ఎదురెదురుగా పెట్టి, తీగలు వాటి మధ్య నుంచి వెళ్ళేలా చేశాడు. శబ్దం కాయిల్ నుంచే వస్తోంది కాబట్టి బోలుగా ఉండే పెద్ద పెట్టెతో పని లేదు. హ్యారీ వాట్సన్ చెక్కతో నమూనా చెక్కిపెట్టాడు. గుండ్రటి చిన్న ఒళ్ళు, పొడుగాటి మెడ. చూస్తే అచ్చం పెనమే, అందుకే ఫ్రయింగ్ పాన్ అన్న పేరు స్థిరపడింది. లోహపు పనుల కార్ఖానా నడిపే అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్ తోడవడంతో 1932లో పోత అల్యూమినియం గిటార్లు అమ్మకానికొచ్చాయి.

అల్యూమినియం వేడికి స్టీలు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. వేదిక దీపాల కింద శ్రుతి తప్పేది. అందుకని 1935లో బేకలైట్ గిటారు తెచ్చారు. అంతకన్నా పెద్ద చిక్కు పేటెంటు దగ్గర వచ్చింది. ఈ వస్తువు అసలు పనిచేస్తుందా అని పేటెంటు ఆఫీసుకి అనుమానం. చివరికి సోల్ హూపీ మొదలైన వాద్యకారులు వాషింగ్టన్ వెళ్ళి, అధికారుల ఎదుట వాయించి వినిపించాల్సి వచ్చింది. 1934లో పెట్టిన దరఖాస్తుకి 1937 ఆగస్టులో గానీ పేటెంటు రాలేదు. అప్పటికే ఇతర కంపెనీలు ఎలక్ట్రిక్ గిటార్లు అమ్ముకుంటున్నాయి. బీచమ్ 1940లో తన వాటా అమ్మేసుకున్నాడు. మరుసటి ఏడాది సముద్రంలో చేపల వేటకి వెళ్ళి గుండెపోటుతో పోయాడు. అప్పటికి నలభై రెండేళ్ళే.

ఇదంతా నేను చదవడానికి కారణం డల్లాస్‌లో ఉండే మా బావ. పాత సామాన్ల అమ్మకంలో పేరుపట్టీ ఊడిన లోహపు గిటారొకటి కొని, ఇదేమిటో చెప్పమని వీడియో కాల్ చేశాడు. పోత అల్యూమినియం ఒళ్ళు, తీగల పైనుంచి వంగిన లాడం అయస్కాంతాలు చూడగానే వంశం తెలిసిపోయింది. స్కేలు పెట్టి కొలవమన్నాను. అయస్కాంతాల వెడల్పు ఒకటిన్నర అంగుళం, అంటే రెండో ప్రపంచయుద్ధానికి ముందుది. ఆ తర్వాత వచ్చినవి అంగుళంపావే. మీటే తీగ పొడవు ఇరవై రెండున్నర అంగుళాలు, కాబట్టి మోడల్ ఏ-22.

కానీ మోగదు. అక్కడి షాపులో పాత పికప్ పీకేసి కొత్తది వేస్తామన్నారట, పైన పాలిష్ ఉచితం. బావ సరే అనేసేలా ఉన్నాడు. నేను గట్టిగా అడ్డుపడ్డాను. ముందు మల్టీమీటర్ పెట్టించాను. కాయిల్ ఓపెన్ చూపించింది. భూతద్దంతో వెతికితే, బయటికొచ్చే కొస దగ్గర వెంట్రుకంత తీగ తెగి ఉంది. అయస్కాంతాలకి దెబ్బ గానీ వేడి గానీ తగలకుండా బావ ఓపిగ్గా సోల్డర్ చేశాడు. వాల్యూమ్ కంట్రోల్ శుభ్రం చేశాడు. పాలిష్ జోలికి పోలేదు. యాంప్‌కి కలిపితే ముందు గర్‌మంది, తర్వాత పాడింది.

పాత వాయిద్యం చేతికొస్తే ముందు కొలవండి, తర్వాతే విప్పండి. ఆ గిటారులో ఒళ్ళు, మెడ ఎవరైనా పోత పోయగలరు. ఉద్యోగం పోయిన మనిషి ఇంట్లో కూర్చుని చేసిన ఆలోచన ఉన్నది ఆ కాయిల్‌లో. చెత్తబుట్టలోకి పోబోయింది అదే.