వరాహగిరి వెంకటగిరి

వరాహగిరి వెంకటగిరి (1894 ఆగస్టు 10 - 1980 జూన్ 24) భారతదేశ నాలుగవ రాష్ట్రపతి, కార్మిక నాయకుడు. వి.వి.గిరిగా ప్రసిద్ధుడు. ఇతని ఎన్నికల జీవితం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలతో ముడిపడి ఉంది. ఇతడు రాష్ట్రపతిగా ఉన్న కాలంలోనే విమాన భద్రతపై భారత్, పాకిస్తాన్‌ల మధ్య దౌత్య వివాదం తలెత్తింది.

బాల్యం, విద్య

గిరి అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా బరంపురంలో జన్మించాడు. ఈ పట్టణం ఇప్పుడు ఒడిషాలో ఉంది. తండ్రి జోగయ్య పంతులు న్యాయవాది. గిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళాడు. ఐర్లండు స్వాతంత్ర్యోద్యమ ప్రభావానికి లోనై, 1916లో స్వదేశానికి తిరిగి వచ్చాడు. ఆ తరువాత బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేశాడు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్షుడయ్యాడు.

ఉత్తరాంధ్ర రాజకీయాలు

1937 ఎన్నికలలో బొబ్బిలి నుండి కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీచేసి, జస్టిస్ పార్టీ నాయకుడైన బొబ్బిలి రాజాను ఓడించాడు. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రిగా పనిచేశాడు. 1947 నుండి 1951 వరకు సిలోనులో భారత హైకమిషనరుగా ఉన్నాడు. అక్కడి తోటలలో పనిచేసే భారత సంతతి కార్మికుల పౌరసత్వ సమస్య తీవ్రమైన కాలమది. 1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి అయ్యాడు. 1957లో పార్వతీపురంలో స్వల్ప తేడాతో ఓడిపోయాడు.

గిరి విధానం

పారిశ్రామిక తగాదాలను నిర్బంధ తీర్పుల ద్వారా కాక ఇరుపక్షాల సంప్రదింపుల ద్వారా పరిష్కరించుకోవాలన్నది గిరి అభిప్రాయం. దీనికి గిరి విధానమని పేరు వచ్చింది. అయితే వెలువడిన తీర్పును గౌరవించవలసిందేనని కూడా భావించాడు. బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించినందుకు నిరసనగా 1954లో మంత్రిపదవికి రాజీనామా చేశాడు.

రాష్ట్రపతిగా: గంగా విమానం వివాదం

ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా, తరువాత ఉపరాష్ట్రపతిగా పనిచేసిన గిరి 1969లో స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేసి నీలం సంజీవరెడ్డిపై గెలిచాడు.

1971 జనవరి 30న శ్రీనగర్ నుండి జమ్ము వెళ్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం గంగాను ఇద్దరు కాశ్మీరీ యువకులు హైజాక్ చేసి లాహోరుకు తీసుకుపోయారు. ప్రయాణికులు క్షేమంగా తిరిగివచ్చారు గాని, ఫిబ్రవరి 2న విమానాన్ని తగులబెట్టారు. ఫిబ్రవరి 4న భారత ప్రభుత్వం తన గగనతలం మీదుగా పాకిస్తాన్ విమానాల రాకపోకలను నిషేధించింది. దీనితో పశ్చిమ పాకిస్తాన్ నుండి తూర్పు పాకిస్తాన్‌కు వెళ్ళే విమానాలు సిలోను మీదుగా చుట్టుతిరిగి పోవలసి వచ్చింది.

పాకిస్తాన్ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ మండలికి ఫిర్యాదు చేసింది. విచారించే అధికారం మండలికి లేదని భారత్ వాదించింది. డిసెంబరు 3న యుద్ధం మొదలైనప్పుడు గిరి అత్యవసర పరిస్థితిని ప్రకటించాడు. 1972 జూలైలో కుదిరిన సిమ్లా ఒప్పందంలో విమాన సంబంధాల పునరుద్ధరణకు చర్యలు తీసుకోవాలని ఇరుదేశాలు అంగీకరించాయి. అదే ఏడాది ఆగస్టు 18న అంతర్జాతీయ న్యాయస్థానం మండలికి అధికారం ఉందని తీర్పు చెప్పింది. అయినా అసలు వివాదంపై మండలి నిర్ణయం వెలువడలేదు. ఇరుదేశాల చర్చల ఫలితంగా 1976లో రాకపోకలు తిరిగి మొదలయ్యాయి, ఫిర్యాదు ముగిసింది. అప్పటికి గిరి పదవీకాలం పూర్తయి రెండేళ్ళయింది. ఈ వివాదంలో నిర్ణయాలు మంత్రివర్గానివే. రాష్ట్రపతిగా గిరి పాత్ర రాజ్యాంగపరమైనది. కాని తగాదా చివరకు అతడు కార్మికరంగంలో కోరిన పద్ధతిలోనే, అంటే ఇరుపక్షాల సంప్రదింపులతోనే, తీరింది.

హైజాకర్లను పట్టుకున్న దేశం వారిని అప్పగించాలి లేదా తానే విచారణకు పంపాలి అని నిర్దేశించే 1970 నాటి హేగ్ ఒప్పందాన్ని అమలుపరచడానికి భారత్ 1982లో హైజాకింగ్ నిరోధక చట్టం చేసింది.

చివరి రోజులు

1974 ఆగస్టులో గిరి పదవీ విరమణ చేశాడు. 1975లో భారతరత్న పురస్కారం లభించింది. 1980లో మద్రాసులో మరణించాడు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఇతని పేరు పెట్టారు.